ఒకటి తక్కువ వంద తప్పెలా అయింది?

నాకు ఇప్పటికీ మింగుడుపడని ఇంటూ మార్కు ఒకటుంది. చిన్నప్పుడు స్కూల్లో 99ని రోమన్ అంకెల్లో రాయమన్నారు. సి రాసి, దాని ముందు ఐ పెట్టాను. సి అంటే వంద, ముందు ఒకటి ఉంది కాబట్టి ఒకటి తక్కువ వంద. లెక్క సరిపోయింది కదా! ఎర్ర పెన్నుతో ఇంటూ పడింది. చిన్నది పెద్దదాని ముందుంటే తీసెయ్యాలని మీరే చెప్పారు కదా టీచర్ అంటే, "అలా రాయకూడదు, అంతే" అన్నారు.

మొన్న మా అన్నయ్య కూతురు అచ్చం అదే రాసి, అదే ఇంటూ తెచ్చుకుని, అదే "అంతే" విని వచ్చింది. "బాబాయ్, ఎందుకు రాయకూడదు?" అని నా మీద పడింది.

నా కోపమంతా ఆ "అంతే" మీదే. ఎందుకంటే కారణం ఉంది, చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. రోమన్ సంఖ్యను ఒక్క ముద్దగా రాయరు. వేలు, వందలు, పదులు, ఒకట్లు విడివిడిగా రాసి పక్కపక్కన పెడతారు. 99లో 90 ఉంది, 9 ఉంది. ఎక్స్ అంటే పది కాబట్టి 90కి ఎక్స్-సి, 9కి ఐ-ఎక్స్. రెండూ కలిపితే ఎక్స్-సి-ఐ-ఎక్స్. అందుకే ఐ అనేది వి (ఐదు), ఎక్స్‌ల ముందే నిలబడుతుంది. వంద దాకా పోదు. ఎక్స్ అయితే ఎల్ (యాభై), సిల ముందు, సి అయితే డి (ఐదొందలు), ఎం (వెయ్యి)ల ముందు. వి, ఎల్, డి ఎవరి ముందూ తీసివేతకు నిలబడవు. 1999 ఇచ్చినా భయం లేదు: ఎం, సి-ఎం, ఎక్స్-సి, ఐ-ఎక్స్. చదివేటప్పుడూ ఇదే పద్ధతి. స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చేతిలోని పలక మీద అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తేదీ ఉంటుంది. అందులో ఏడాది ఎం-డిసిసి-ఎల్ఎక్స్ఎక్స్-విఐ. వెయ్యి, ఏడొందలు, డెబ్బై, ఆరు. 1776. అంతే (ఈ "అంతే"కి నా అభ్యంతరం లేదు).

ఇంకో విషయం. ఈ రూల్‌ని రోమ్ చక్రవర్తే సంతకం చేసి పంపినట్టు చెబుతారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. రోమన్లే దాన్ని అంత పట్టించుకోలేదు. రోమ్‌లోని పాత క్రీడాప్రాంగణం కొలోసియం ద్వారాల మీద అంకెలు చెక్కి ఉన్నాయి. 44వ ద్వారం మీద ఎక్స్-ఎల్ పెట్టి, పక్కన నాలుగు ఐలు. అంటే ఒకే సంఖ్యలో నలభైకి తీసివేత, నాలుగుకి కూడిక! బడిలో రాస్తే సున్నా మార్కులు.

నాకు బాగా నచ్చింది మార్కస్ కేలియస్ స్మారకశిల. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో రోమన్ సేనాని వారస్ సైన్యం తుడిచిపెట్టుకుపోయినప్పుడు చనిపోయిన సెంచూరియన్ (దళనాయకుడు) ఆయన. 18వ లీజియన్ (రోమన్ సైనిక విభాగం) మనిషి. ఆ రాయి మీద 18ని ఎక్స్-ఐఐ-ఎక్స్ అని చెక్కారు. పది, ఆ తర్వాత రెండు తక్కువ పది. లాటిన్‌లో 18ని పలికేదే "రెండు తక్కువ ఇరవై" అని, 19ని "ఒకటి తక్కువ ఇరవై" అని. మనం "పావు తక్కువ తొమ్మిది" అనుకోవడం లేదూ, అలాగన్నమాట. కాబట్టి మా పిల్ల రాసిన "ఒకటి తక్కువ వంద" ఇప్పటి పద్ధతిలో తప్పే గానీ, ఆలోచన మాత్రం అసలు సిసలు రోమన్ ఆలోచన. తప్పని కొట్టేసే ముందు ఆ మాట చెప్పొచ్చు కదా?

గడియారంలో నాలుగు ఐలు చూసి "కంపెనీవాళ్లకి నాలుగు రాయడం కూడా రాదు" అని పోస్టులు పెట్టేవాళ్లకీ ఇదే జవాబు. అది తప్పు కాదు, పాత అలవాటు. బిగ్ బెన్ మీద ఐ-వి ఉంటుంది, అదీ తప్పు కాదు. లండన్‌లోనే అడ్మిరల్టీ ఆర్చ్ మీద 1910 అని చెక్కడానికి ఎం-డి తర్వాత నాలుగు సిలు పెట్టి, చివర ఎక్స్ వేశారు. దాని మీద ఇంటూ పెట్టే ధైర్యం ఏ టీచర్‌కుందో చూద్దాం.

అలాగని రోమన్ అంకెల మీద నాకేమీ ప్రేమ లేదు. సినిమా అయిపోయాక తెర మీద ఏడాదిని రోమన్‌లో వేసి ఒక్క సెకనులో మాయం చేసే అలవాటు ఎవరిదో గానీ, చదివే లోపు పోతుంది. 1888 రాయడానికి 13 అక్షరాలు కావాలి, 2000కి రెండు చాలు. పొడవు చూసి ఏది పెద్దదో చెప్పలేం. 2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ యాభయ్యోది వచ్చినప్పుడు ఉత్త ఎల్ ఒక్కటే వేయాల్సి వచ్చేసరికి, నిర్వాహకులే 50 అని రాసుకున్నారు. మరుసటి ఏడాది మళ్లీ రోమన్‌కే వెళ్లారనుకోండి. రాజుల పేర్ల దగ్గర మాత్రం మన తెలుగే నయం. పేరు వెనక అక్షరాలు ఎన్నున్నా, "పద్నాలుగో లూయీ" అని ముందే చెప్పేస్తాం.

ఇదంతా విన్నాక మా పిల్ల 999ని తప్పు లేకుండా రాసింది. సి-ఎం-ఎక్స్-సి-ఐ-ఎక్స్. తర్వాత కేలియస్ రాయి ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూసి, "ఇది రేపు టీచర్‌కి చూపించనా?" అంది.

పరీక్షలు అయ్యాక చూపించమన్నాను.