హాస్టల్ గదిలో కనపడని మీటరు

పర్యావరణం గురించి కాలేజీ పిల్లలకు మనం చెప్పే మాటలు ఎక్కువగా కొనుగోళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి. వెదురు బ్రష్షు కొను, స్టీలు స్ట్రా కొను, గుడ్డ సంచీ కొను. జిరాక్సులు, బస్ పాస్, రీచార్జి పోగా చేతిలో ఎంత మిగిలిందో చూసుకునే అనంతపురం హాస్టల్ పిల్లాడికి ఈ జాబితాతో పనిలేదు. అతని చుట్టూ అసలు నష్టం జరిగేది కుళాయి దగ్గర, ఫ్యాను దగ్గర, మెస్ పళ్లెంలో.

ముందు నీళ్లు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాష్ట్రంలో ఇంత తక్కువ మరెక్కడా పడదు. ఇక్కడి హాస్టళ్లలో చేరేవాళ్లలో చాలామంది ట్యాంకరు వస్తే బిందెలు తీసుకుని పరుగెత్తిన పిల్లలే. బోరు ఎండిపోతే చీనీ తోట ఏమవుతుందో కళ్లారా చూసినవాళ్లే. నీటి విలువ మీద వాళ్లకు అవగాహన సదస్సు పెట్టడం అనవసరం. మరి అదే పిల్లలు హాస్టల్‌కు వచ్చాక బకెట్ నిండి పొర్లుతున్నా పట్టించుకోరెందుకు? ఊళ్లో నీళ్లు మోసింది వాళ్లే కాబట్టి, కడవలో ఎన్ని మిగిలాయో వాళ్లకు తెలిసేది. హాస్టల్లో ట్యాంకు ఎప్పుడు నిండిందో, ట్యాంకరుకు ఎంత కట్టారో వార్డెన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. సెకనుకో చుక్క చొప్పున కారే కుళాయి నుంచి రోజుకు దాదాపు ఒక బకెట్ నీళ్లు పోతాయి. అలాంటివి అంతస్తుకు నాలుగున్నా ఫిర్యాదు రాసుకునే పుస్తకం ఎక్కడుందో పిల్లలకు చెప్పేవాళ్లుండరు.

ఆర్వో ప్లాంటు వెనక్కి వెళ్లి చూడండి. ముందు పిల్లలు బాటిళ్లు పట్టుకుంటుంటే, వెనక సన్నపైపు నుంచి నీళ్లు కాలువలోకి పోతూనే ఉంటాయి. చిన్న ప్లాంట్లలో లీటరు మంచినీళ్లకు అంతకంటే ఎక్కువే ఇలా పోతాయి. ఫ్లోరైడ్ ఉన్న ఈ ప్రాంతంలో ఆర్వో వద్దనలేం. ఆ పైపును ఒక డ్రమ్ములోకి మళ్లిస్తే మాత్రం టాయిలెట్లకు, వరండాలు కడగడానికి నీళ్లు దొరుకుతాయి. ఉప్పు ఎక్కువ కాబట్టి చెట్లకు రోజూ పొయ్యకూడదు.

కరెంటుదీ ఇదే కథ. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది. ఉదయం 9కి తాళం వేసి వెళ్లిన గదిలో సాయంత్రం 4 దాకా అది తిరుగుతూ ఉంటే అర యూనిట్ పోయినట్టే. అలాంటి గదులు వంద ఉంటే రోజుకు 50 యూనిట్లు. స్విచ్చి ఆపాల్సింది పిల్లలే, అందులో సందేహం లేదు. 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాల్సింది మాత్రం యాజమాన్యమే. చలికాలంలో దొంగచాటుగా వాడే 1500 వాట్ల హీటర్ రాడ్ల సంగతీ అంతే. 2017లో కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు నడవడం మొదలైంది. అంత ఎండ ఉన్న సీమలో హాస్టల్ మిద్దె మీద వేణ్ణీళ్ల సోలార్ హీటరు పెట్టకుండా రాడ్లు జప్తు చేసుకుంటూ పోవడం నాకు న్యాయంగా తోచదు.

మెస్ విషయంలో పిల్లల మీద నింద వేయడం మరీ తేలిక. ఉగ్గాని, బజ్జీ పెట్టిన పూట పళ్లేలు ఖాళీగా వస్తాయి. నీళ్ల సాంబారు, పలుకున్న అన్నం పెట్టిన పూట చెత్త బకెట్లు నిండుతాయి. కిలో బియ్యం పండాలంటే వేల లీటర్ల నీళ్లు కావాలి. అంటే కరువు జిల్లాలో మనం పారేస్తున్నది ఎక్కడో కాలువ కింద పారిన నీళ్లే. మిగిలిన అన్నాన్ని రోజూ తూకం వేసి, మెనూ పక్కనే బోర్డు మీద రాస్తే చాలు. ఏ కూర తిన్నారు, ఏది పారేశారు అన్నది వంటవాళ్లకూ పిల్లలకూ ఒకేసారి తెలుస్తుంది. మెస్ కమిటీకి మెనూ మార్చే అధికారం కూడా ఉంటేనే ఆ తూకానికి అర్థం. రాత్రి కర్రీ పాయింటుకు వెళ్లేటప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు బాక్సు పట్టుకెళ్తే, వేడి పప్పు పల్చటి కవర్లో పోయించుకునే అవసరమూ ఉండదు.

ఫైనలియర్ వాళ్లు గదులు ఖాళీ చేసే వారంలో కారిడార్లు చూస్తే బాధేస్తుంది. బకెట్లు, మగ్గులు, పరుపులు, మినీ డ్రాఫ్టర్లు, ఆప్రాన్లు, సగం రాసిన రికార్డు పుస్తకాలు గుట్టగా పడి ఉంటాయి. రెండు నెలలు తిరిగేసరికి కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు అవే వస్తువుల కోసం బజారులో అప్పు చేసిన డబ్బు ఖర్చు పెడుతుంటారు. ఒక గదికి తాళం వేసి వీటిని దాచి, జూనియర్లకు ఇవ్వడానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు. సీనియర్లు అడిగితే ఇస్తారు, అడిగేవాళ్లే లేరు.

వేసవి సెలవుల్లో హాస్టళ్లు ఖాళీగా ఉంటాయి. కారే కుళాయిలు మార్చడానికి, ఆర్వో పైపు మళ్లించడానికి, ఒక్కో అంతస్తుకు విడిగా నీటి మీటరు, కరెంటు మీటరు బిగించడానికి ఆ రోజులు చాలు. తరగతులు మొదలయ్యాక ప్రతి సోమవారం ఆ రీడింగులు మెస్ గుమ్మం దగ్గర రాసే పని వార్డెన్‌కు వదలకుండా అంతస్తుకో విద్యార్థికి అప్పగించాలి.