ఎరుపు రంగు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఎరుపు రంగు గారికి,

మీ వీరాభిమాని, డిజైన్ మొదటి ఏడాది విద్యార్థిని, గోళ్ల సందుల్లో మీ మరకలు ఇంకా వదలకుండానే రాసుకుంటున్న లేఖ.

ముందు మీరు నాకు చేసిన సేవలు ఒప్పుకోవాలి. పోస్టర్‌లో తేదీ ముఖ్యమా, మిమ్మల్ని పిలిచాను. సమయం ముఖ్యమా, మళ్లీ మిమ్మల్నే. ఫోన్ నంబరు ఎవరి కంటా పడదేమోనని టెన్షన్ పట్టుకుంటే దానికీ మీరే. చివరికి 'షరతులు వర్తిస్తాయి' అన్న ముక్కకి కూడా మీ చేతే కాపలా కాయించాను. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని పెద్దలు ఎప్పుడో అడిగారు. వాళ్లు డిజైన్ చదవలేదులే అనుకున్నాను.

మన ఇద్దరికీ చెడింది సంగీతం దగ్గర.

క్లాసులో హైడన్ అనే స్వరకర్త 94వ సింఫనీలో (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనలో) రెండో భాగం వినిపించారు. విన్నదాన్ని ఏ3 కాగితం మీద ఆకారాలతో, రంగులతో చూపించాలి. వాయిద్యాల బొమ్మలు వేయకూడదు. ఫోకల్ పాయింట్, అంటే చూపు ముందుగా వెళ్లి ఆగే చోటు, ఒక్కటే ఉండాలి. 1791లో రాసిన సంగీతం అది. ఎనిమిది బార్ల (మన లెక్కలో తాళపు ఆవర్తనాల్లాంటివి) చిన్న వరస మెల్లగా నడుస్తుంది. అదే వరస మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకా మెల్లగా, పిల్లి అడుగులతో. వినేవాళ్ల భుజాలు కాస్త వాలతాయి. సరిగ్గా 16వ బార్‌లో డోళ్లతో సహా ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా ఢాం అంటుంది. ఆ ఒక్క దెబ్బ వల్లే దానికి సర్‌ప్రైజ్ సింఫనీ అని పేరు పడింది.

నా చెవికి ఆ ఢాం తప్ప ఇంకేమీ ఎక్కలేదు. పైగా సింధూరపు ఎరుపు పెద్ద బాకాలా మోగుతుందని, డోలులా ఉరుముతుందని చిత్రకారుడు కండిన్‌స్కీ రాసిన మాట అప్పటికే చదివి ఉన్నాను. ఇక నన్ను ఆపేదెవరు? చిక్కటి ఆకుపచ్చ మీద మీ వృత్తాలు ఏడు దించాను. ఒకటి ఢాం కోసం. మిగతా ఆరూ ఢాం వస్తోందని ముందే చెప్పడానికి. (లేత నీలం ఫ్లూట్ లాంటిదని, ముదురు నీలం చెల్లో లాంటిదని కూడా ఆయనే రాశాడు. అంతదాకా చదివే ఓపిక నాకెక్కడిది?)

మేడమ్ కాగితాన్ని గోడకి అంటించి, నాలుగు అడుగులు వెనక్కి వేసి, కళ్లు సగం మూసి చూశారు.

"దెబ్బ ఎక్కడమ్మా?"

"ఇదిగో మేడమ్, ఈ ఎర్రది."

"ఏ ఎర్రది?"

నా వేలు గాల్లోనే ఉండిపోయింది. "ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చెయ్యి" అన్నారు. చేశాను. అయ్యా, మీరు లేరు. ఏడుగురిలో ఒక్కరూ లేరు. తెర నిండా ఒకటే బూడిద రంగు, అక్కడక్కడా నా బ్రష్ గీతలు. మీరు ఎంత ముదురో నేను ఎంచుకున్న ఆకుపచ్చా అంతే ముదురట. తల ఎత్తి అసలు కాగితం చూస్తే అక్కడ మీ అంచులు జిగేల్‌మంటూ కదులుతున్నాయి. మీరూ అదీ ఒకే గొంతుతో అరుచుకుంటుంటే మధ్యలో తలనొప్పి నాకు.

ఆ రాత్రి మీ జాతకం తీశాను. తెలుపు మీద నలుపుకి కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, 21:1. వెబ్ పేజీలో మామూలు సైజు అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాలంటే కనీసం 4.5:1 కావాలని ప్రమాణం. తెలుపు మీద అచ్చమైన ఎరుపుకి వచ్చింది సుమారు 4. పాస్ మార్కులు కూడా కావండీ! అచ్చమైన నీలం మీద కూర్చోబెడితే 2 పైచిలుకు. ఇన్నాళ్లూ నా పోస్టర్లలో తేదీలన్నీ మీ చేతిలో పెట్టానే!

పసుపుది ఇంకా ఘోరం, తెలుపు మీద 1.07. అదే పసుపు మీద నలుపు పెడితే 19 దాటుతుంది. ఈ లెక్క కండిన్‌స్కీకి ఎవరూ చెప్పి ఉండరు. 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ అనే స్వరకర్త కచేరీ విని వచ్చి ఆయన ఒక బొమ్మ వేశాడు. పియానో ఒక పెద్ద నల్లటి ముద్ద, దాని చుట్టూ వరదలా పసుపు. ఆ నలుపు లేకపోతే పసుపుకి అంత నోరు లేచేది కాదు. మోండ్రియాన్ అనే ఇంకో చిత్రకారుడు 1942-43లో బూగీ వూగీ అనే హుషారైన పియానో సంగీతాన్ని బొమ్మ చేసినప్పుడు మిమ్మల్నీ పిలిచాడు, కాదనను. పసుపు దారుల మధ్య చిన్న చిన్న గళ్లలో, నీలంతో, బూడిద రంగుతో కలిపి క్యూలో నిలబెట్టాడు. మీరు కిక్కురుమనలేదు. నా దగ్గరేనా ఈ దర్జా అంతా?

రంగుల మధ్య ఏడు రకాల కాంట్రాస్టులు ఉంటాయని ఇట్టెన్ అనే మాస్టారు లెక్కపెట్టారు. ఏడు వృత్తాలు వేసి నేను పట్టుకు వేలాడింది అందులో ఒక్కదాన్నే.

రెండోసారి పెన్సిల్ తీసుకున్నాను. లేత బూడిద గీతలు ఎనిమిది. వాటి కింద ఇంకా లేతగా ఏడు. చివరిది వేస్తుంటే నొక్కుతున్నానో లేదో నాకే తెలియలేదు. తర్వాత వేలెడు ఖాళీ. ఆ ఖాళీ వదలడానికి పట్టినంత సేపు మిగతా బొమ్మకి పట్టలేదు. చెయ్యి ఊరుకోదు కదా, ఓ చుక్కైనా పెట్టమంటుంది. ఖాళీ అవతల, ఎనిమిదో గీత ఉండాల్సిన చోట, చొక్కా గుండీ అంత సైజులో మిమ్మల్ని పెట్టాను. ఒక్కరినే.

మేడమ్ కళ్లు సగం మూశారు. ఏమీ అనలేదు. పక్క కాగితం దగ్గరికి వెళ్లబోయి, తల తిప్పి మళ్లీ ఆ గుండీ వైపే చూశారు.

కాబట్టి నా విన్నపం ఇది. ఇక నుంచి పిలిచినప్పుడే రండి. ఏడుగురూ వద్దు, ఒక్కరే రండి. మీ పక్క సీట్లో బూడిద రంగు కూర్చుంటుంది, దానితో మర్యాదగా ఉండండి.

ఇట్లు,
మీ మాజీ వీరాభిమాని

తా.క.: 'ఒక్కరే' అన్న మాటని టైప్ చేయగానే అలవాటుగా ఎర్రగా మార్చేశాను. చూసుకుని మళ్లీ నలుపు చేశాను. మనసులో పెట్టుకోకండి.