నాలుగో చాప్టర్లో వెలసిన థీమ్ గారికి

మహారాజశ్రీ థీమ్ గారి దివ్యసముఖమునకు,

తిరుపతి నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి కాస్త అనుమానమే గానీ తమరి కుశలానికి ఢోకా లేదు. ఇంటర్వ్యూల్లో పదేపదే వినపడే సంగతులను మూటగట్టి పెట్టే పేరే కదా తమరు. ఏ థీసిస్ తెరిచినా, ఫలితాలు చెప్పే నాలుగో చాప్టర్లో టేబుల్ వేసుకుని కూర్చుని దర్శనమిస్తూనే ఉన్నారు. ఎడమ వైపు తమరు, మధ్యలో తమరి పిల్లలు సబ్ థీములు, కుడి వైపు ఎవరో ఒక మనిషి మాటల్లోంచి తెంపిన ఒకటిన్నర వాక్యం. నాకు తెలిసిన బైండింగ్ షాపాయన ఒకాయన, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు అద్దుతూ అన్నాడు: "అట్ట మీద పేర్లు మారతా ఉంటాయి మేడమ్, లోపల పట్టీలు మాత్రం అన్నీ ఒకే మాదిరి ఉంటాయి." ఆయన చదివింది ఇంటర్ వరకే. ఎగ్జామినర్ గార్లకు కనపడనిది ఆయనకు కనపడింది.

నేను చేస్తున్నది నెరేటివ్ రీసెర్చ్ అని తమరికి తెలుసు. తెలిసే నన్ను వదలటం లేదు. మనుషులు తమ బతుకును కథగా ఎట్లా చెప్పుకుంటారు, ఏది ముందు పెడతారు, ఏది చివరిదాకా దాస్తారు, ఎవరెదురుగా ఎట్లా చెప్తారు, ఇదీ నా పని. అందుకని చిత్తూరు వైపు మామిడి తోటల ఊళ్ళకు వెళ్ళాను. 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 వేసి 12 చేస్తుంది అని ప్రకటించిన సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. అట్లాంటివి తమరు చక్కగా గుర్తుపెట్టుకుంటారు. నా ఫైల్లో ఒక ప్రశ్న రాసి ఉంది: "ధరల హెచ్చుతగ్గులు మీ కుటుంబ ఆర్థిక స్థితిపై ఎటువంటి ప్రభావం చూపాయి?" ఈ ప్రశ్నను పైకి చదివితే కుక్క కూడా లేచి పక్కకు పోతుంది. ఫైలు మూసి, "పోయిన సీజన్ ఎట్లా జరిగింది పెద్దమ్మా?" అన్నాను.

ఆమె చెప్పిన తీరులోనే రాస్తున్నాను. తమరు కాసేపు కత్తెర కింద పెట్టి వినండి.

"యాడ నుంచి చెప్పమంటావు పాపా? ఈ చెట్లు మా మామ నాటినవి. అంతకు ముందు శెనక్కాయలు ఏస్తా ఉంటిమి. వానలు లేకపాయె. చెట్టయితే నీళ్ళు అడగదు అని నాటినాడు. పోయేటప్పుడు ఇద్దురు కొడుకులకీ చెరి సగం పంచినాడు. మా మరిదిది గట్టుకు ఆ పక్క. పోయిన సీజన్లో టోకెను ఉంటేనే కాయ తీసుకుంటామన్నారు. రెండు ట్రాక్టర్లూ ఒగే దినం లైన్లో పెట్టినారు అన్నాదమ్ములు. రెండు రాత్రులు. మా ఇంటాయన ట్రాక్టరు కిందనే పండుకునె. నేను సద్ది కట్టుకోని పోతిని, ఇద్దురికీ. కాయ మాగిపోతా ఉండాది, వాసన వస్తా ఉండాది. ఆ వాసనంటే నాకు చిన్నప్పుటి నుంచి భలే ఇష్టం. ఆ పొద్దు ముక్కు మూసుకుంటి. మూడో దినం గేటు కాడ పిలగాడు మా కాయ చూసి లోపలికి పొమ్మన్యాడు. ఎనకాలే మా మరిది ట్రాక్టరు. దాన్ని ఎనక్కి తిప్పినాడు. ఒగే చెట్టు కాయలు పాపా, ఒగే మనిషి నాటినవి. ఆ పొద్దు నుంచి మా తోడికోడలు నాతో మాట్లాడదు."

అని నవ్వింది. నవ్వి, "నువ్వు రేటు కదా అడిగితివి, ఏందో చెప్తా ఉండా" అంది.

రివ్యూ మీటింగులో ఈ పేజీ చదివాను. కమిటీలో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కరిగాడేమో అనుకున్నాను. "కథ బావుందమ్మా. థీమ్స్ ఎక్కడ?" అన్నాడు.

తమరు వెంటనే ప్రత్యక్షమయ్యారు. మార్కెటింగ్ సమస్యలు. ఆర్థిక ఒత్తిడి. కుటుంబ సంబంధాలు. ఎదుర్కొనే మార్గాలు. టోకెను మొదటి గదిలోకి పోయింది. తోడికోడలు మూడో గదిలోకి పోయి, ఇంకో ఊరి అత్తాకోడళ్ళ పక్కన కూర్చుంది. సద్ది మూట 'ఎదుర్కొనే మార్గాలు' కిందకి వచ్చింది. వాసన ఎక్కడా పట్టక బయట పడింది. మామ నాటిన సంగతి 'నేపథ్యం' అని రెండో చాప్టర్‌కు బదిలీ అయింది. ఇంతకీ ఆమె చెప్పిందేమిటి? గేటు దగ్గర ఒక ట్రాక్టరు లోపలికి పోయి ఇంకోటి వెనక్కి తిరగడం వల్ల ఒకే గట్టున్న రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయని. ఆ 'వల్ల' అన్నదే కదా కథ! మొదటి గదికీ మూడో గదికీ మధ్య తమరు గీసిన గీత సరిగ్గా దాని మీదే పడింది.

ఈ గొడవ నేను కనిపెట్టింది కాదు లెండి. అమెరికాలో కేథరిన్ రీస్‌మన్ అనే ఆవిడ విడాకులు తీసుకున్న వాళ్ళను పద్ధతి ప్రకారం ప్రశ్నలు అడగబోతే వాళ్ళు పొడుగాటి కథలు చెప్పారు, ముక్కలు చేయబోతే లొంగలేదు. ఆవిడ తర్వాత మన పక్కనే కేరళకు వచ్చి, పిల్లలు లేని ఆడవాళ్ళ మాటలు విని రాసింది. ఆవిడ చెప్పేది ఒకటే: కథను కథగా ఉంచి చూడండి, ఒక్కో మనిషిని ఒక్కో మనిషిగా ఉంచి చూడండి. ఆవిడ తమరిని వెలివేయలేదు కూడా. కథలో ఏం చెప్పారు అన్నది చూసే పద్ధతిలో తమరికీ చోటిచ్చింది. అయితే అక్కడ తమరు కథ లోపల ఉండాలి. మా దగ్గర కథే తమరి లోపల ఉంటోంది.

అంతకంటే ముందు, 1967లోనే, విలియం లబోవ్, జాషువా వాలెట్‌స్కీ అని ఇద్దరు భాషావేత్తలు మామూలు జనం నోటి కథలను విప్పి చూశారు. లబోవ్ తర్వాత దాన్ని ఇంకా సాగదీసి ఆరు భాగాలు చెప్పాడు. కథ దేని గురించో ముందే చెప్పే ముక్క, ఎవరు ఎక్కడ ఎప్పుడు అనేది, చిక్కు ముడి పడటం, చెప్పేవాళ్ళు దాన్ని ఎట్లా తూచారు అనేది, ముడి వీడటం, మళ్ళీ ఇప్పటి కాలానికి తీసుకొచ్చి దింపడం. వీటిలో నాకు బాగా నచ్చింది నాలుగోది. విన్నవాడు "అయితే ఏంటంట?" అని అనకుండా కథ చెప్పేవాళ్ళు కట్టే కట్ట అది. పెద్దమ్మ దాన్ని ఎక్కడ కట్టిందో చూశారా? ఇష్టమైన వాసనకు ముక్కు మూసుకున్న చోట ఒకటి. "ఒగే చెట్టు కాయలు పాపా" అన్న చోట ఇంకొకటి. రేటు గురించి ఆమె తీర్పంతా అక్కడ ఉంది, అంకె ఒక్కటీ లేకుండా.

లబోవ్ గారి కొలత మా వైపు కాస్త పొట్టిదే అవుతుందన్నది వేరే సంగతి. ఆయనది ఒక సంఘటనకు సరిపోయే కొలత. ఆ రోజు గేటు దగ్గర ఏమైంది అంటే మా పెద్దమ్మలు మూడు తరాలు తిరిగొచ్చి గానీ గేటు దగ్గరకు రారు. దానికి క్లాండినిన్, కొనెల్లీ అనే వాళ్ళు 2000లో చెప్పినది పనికొస్తుంది: అనుభవాన్ని కాలం, చుట్టూ ఉన్న మనుషులు, చోటు, ఈ మూడు వైపుల నుంచీ చూడమన్నారు. మామ నాటిన రోజు, గట్టుకు ఆ పక్క మరిది, ఫ్యాక్టరీ గేటు. చూడండి, ఎంత చక్కగా కూర్చుందో. కమిటీ పెద్దాయనకు ఇది చెప్తే "ఎన్ ఎంత?" అన్నాడు. అంటే ఎంతమంది అని. ఆయన తప్పేం లేదు, పాతికేళ్ళుగా అందరినీ అదే అడుగుతున్నాడు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. ప్రతి థీసిస్‌లోనూ ఒక వాక్యం: "డేటా నుంచి ఈ క్రింది థీములు వెలువడినవి." వెలువడినవట! ఎవరి చెయ్యీ పడనట్టు, ఎవరి ప్రమేయమూ లేనట్టు. బావిలోంచి తనంతట తాను వెలసిన స్వామి మా వైపు ఒక్కరే ఉన్నారు, కాణిపాకం వరసిద్ధి వినాయకుడు. తమరు ఎక్సెల్ షీటులో వెలసిన రెండో స్వయంభువా? థీమ్‌ల పద్ధతికి పెద్దదిక్కుగా అందరూ చూపించే బ్రౌన్, క్లార్క్ 2006 నాటి వ్యాసంలోనే చెప్పారు, థీములు డేటాలో కూర్చుని ఉండి వాటంతట అవి పైకి రావని, రీసెర్చ్ చేసేవాళ్ళే ఏరుకుంటారని. ఆ వ్యాసాన్ని రిఫరెన్సుల్లో పెట్టని వాళ్ళు లేరు. చదివిన వాళ్ళుంటే చూపించండి. మా వైపు ఎవరైనా అబద్ధం చెప్పారని అనుమానం వస్తే కాణిపాకం తీసుకెళ్ళి ప్రమాణం చేయిస్తారు. తమరూ ఒకసారి కోనేట్లో మునిగి, తడిబట్టలతో ఆ మాట స్వామి ఎదురుగా అనండి చూద్దాం.

కాణిపాకం అన్నాక గుర్తొచ్చింది. ఆ స్థల పురాణం తమరి చేతికిస్తే ఏమవుతుందో సరదాకి చేసి చూశాను. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట లేదు, ఒకరికి వినికిడి లేదు. బావి ఎండితే లోతు చేద్దామని తవ్వుతుంటే గునపం రాయికి తగిలి నెత్తురు వచ్చింది, ముగ్గురికీ లోపాలు పోయాయి. కోడింగ్, అంటే మాటల ముక్కలకు పేర్లు అతికించడం, అయ్యాక వచ్చిన ఫలితాలు: సాగునీటి ఎద్దడి, దివ్యాంగుల ఉపాధి, పని ప్రదేశంలో భద్రతా లోపాలు. దేవుడు ఒక్కసారే వచ్చాడు గనక ఫ్రీక్వెన్సీ చాలలేదు, తీసేశాం.

ఇంకొకటి. పెద్దమ్మ ఈ కథను నాకు చెప్పినప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇంకో రోజు వెళ్తే పక్కన రైతు సేవా కేంద్రం పిల్లాడు కూర్చుని ఉన్నాడు. అదే కథ మళ్ళీ చెప్పింది గానీ ఈసారి తోడికోడలు లేదు, వాసన లేదు, రూపాయలే ఉన్నాయి. చివర్న నా ఫైలు వైపు చూసి "రాసుకో పాపా, ఏమన్నా వస్తాదేమో" అంది. తమరి లెక్కలో ఇది 'స్థిరత్వం లేని సమాధానం'. నా లెక్కలో ఇదే అసలు డేటా. వినేవాళ్ళు కూడా కథ చెప్పడంలో సగం పంచుకుంటారు. నా ఫైలు, నా చెప్పులు, తిరుపతి నుంచి వచ్చిన పాప అన్న నా హోదా, అన్నీ ఆ కథలో ఉన్నాయి. ఆమె నవ్వును ట్రాన్స్‌క్రిప్ట్‌లో బ్రాకెట్లో పెట్టాను. "క్లీన్ చెయ్యండి" అని రాసి తిప్పి పంపారు. గంట మాటలు టైపు చెయ్యడానికి అయిదారు గంటలు పడుతుంది, అందులో నవ్వు తీసేయడానికి ఒక్క బటన్ చాలు.

మా వాళ్ళ గురించీ చెప్పకపోతే పక్షపాతం అంటారు. నెరేటివ్ అని పేరు పెట్టుకుని, పార్టిసిపెంట్‌కు రెండు పేజీలు, "నా బాల్యం, నా పక్షపాతాలు, నా కన్నీళ్ళు" అని తమకు ఇరవై పేజీలు రాసుకునే వాళ్ళు మా వైపు పుష్కలంగా ఉన్నారు. కథ మొత్తం అచ్చు వేసేసి, అదే విశ్లేషణ అని చేతులు దులుపుకునే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళను చూసినప్పుడు తమరి టేబులే నయమనిపిస్తుంది.

ఒక విషయంలో మాత్రం తమరికి దండం పెట్టక తప్పదు. కథను కథగా ఉంచితే మనిషి దొరికిపోతుంది. పేరు మార్చినా, ఊరు తీసేసినా, గట్టుకు ఆ పక్క మరిది, వెనక్కి తిరిగిన ట్రాక్టరు అంటే ఆ ఊళ్ళో ఎవరికైనా ఎవరి ఇల్లో తెలిసిపోతుంది. ముఖ్యంగా తోడికోడలికి. అందుకని పైన రాసిన కథలో నేను కొన్ని గుర్తులు మార్చాను, ఏవి మార్చానో తమరికీ చెప్పను. 'కుటుంబ సంబంధాలు' అన్న గదిలో అయితే ఎవరైనా హాయిగా దాక్కోవచ్చు. వంద ఇంటర్వ్యూలు చేసి టోకెన్ల పద్ధతి మార్చమని కలెక్టరుకు రిపోర్టు ఇవ్వాలన్నా తమరే కావాలి. తోడికోడలి అలక చదివే తీరిక ఆయనకు ఉండదు.

కాబట్టి ఒప్పందం. మొదట ఒక్కొక్కరి కథ, చెప్పిన వరుసలో, నవ్వుతో సహా, నాలుగో చాప్టర్లో ఉంటుంది. ఆ తర్వాత, అయిదో చాప్టర్లో, ఒక కథకూ ఇంకో కథకూ ఏం కలిసిందో చెప్పడానికి తమరికి చోటిస్తాను. వెలువడినవి అని రాయను, ఏరుకున్నాను అని రాస్తాను. టేబుల్ కావాలంటే వేసుకోండి, అనుబంధంలో. దీనికి మా గైడు గారు తల ఊపారు. కమిటీ పెద్దాయన మాత్రం "థీమ్స్ కనీసం నాలుగన్నా ఉండాలి" అంటున్నారు. నాలుగే ఎందుకని అడిగితే, ఏ4 పేజీలో నిలువుగా అవే పడతాయన్నారు.

ఇట్లు,
తమరి గదుల్లో ఇమడని ట్రాన్స్‌క్రిప్టులతో,
ఒక రీసెర్చ్ స్కాలర్,
తిరుపతి.