మూడు రోజులు సముద్రం పక్కనే నడిపాడు, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు

యూరప్‌లో ఉండే మన తెలుగువాళ్లు ఎవరైనా కారు ట్రిప్‌కి వెళ్లొచ్చామంటే అడిగే ప్రశ్నలు అవే. ఎంతయింది, హోటల్ ఎక్కడ తీసుకున్నారు, మన భోజనం దొరికిందా. కారు ఎవరు నడిపారని మాత్రం ఒక్కరూ అడగరు. అడగక్కర్లేదు కదా, ఆయనే నడిపి ఉంటాడు.

ఈ జూలైలో మేమిద్దరం మ్యూనిక్‌లో కారు అద్దెకి తీసుకుని క్రొయేషియా తీరం వెంట దుబ్రోవ్నిక్ దాకా వెళ్లాం. నాకు జర్మన్ లైసెన్స్ ఉంది. ఊరికే రాలేదు, ఇండియా లైసెన్స్ ఉన్నా ఇక్కడ థియరీ, ప్రాక్టికల్ రెండూ మళ్లీ పాసవ్వాలి, నేను ప్రాక్టికల్ ఒకసారి తప్పి రెండోసారి పాసయ్యాను. బుకింగ్ చేసింది నేను, డబ్బు కట్టింది నేను. కౌంటర్‌లో అబ్బాయి మాత్రం మా ఆయన వైపే చూస్తూ అన్నీ వివరించి, రెండో డ్రైవర్‌ని చేర్చాలంటే రోజుకి 10 యూరోలు అదనం అన్నాడు. మా ఆయన వెంటనే, "ఎందుకు దండగ, నేను నడిపేస్తాలే" అన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. అది నా తప్పే.

రియేకా నుంచి దక్షిణానికి తీరాన్ని పట్టుకుని పోయే రోడ్డుని అక్కడివాళ్లు మగిస్త్రాలా అంటారు. కొండ వెనక నుంచి పోయే మోటార్‌వే కూడా ఉంది, అందులో వెళ్తే త్వరగా చేరొచ్చు. కానీ అందరూ మగిస్త్రాలా కోసమే వస్తారు. ఎడమ పక్క వెలెబిట్ కొండలు నిట్టనిలువుగా, కుడి పక్క సముద్రం, మధ్యలో రెండే లేన్లు. అక్కడ బండ్లు కుడి పక్కన పోతాయి కాబట్టి దక్షిణానికి వెళ్తుంటే సముద్రం సరిగ్గా నా కిటికీ కిందే ఉంది. సెన్య్ అనే ఊరు దాటాక అవతల పాగ్ దీవి కనిపిస్తుంది. పెద్ద దీవి, ఈ వైపు మాత్రం గడ్డిపరక కూడా ఉండదు, ఎముకలా తెల్లగా ఉంటుంది. వెలెబిట్ మీద నుంచి దిగే బూరా అనే గాలి చలికాలంలో సముద్రపు ఉప్పునీళ్లని లేపి ఆ దీవి మీద కొడుతుందట, అందుకే అక్కడ ఏమీ మొలవదు. అది చూసి నేను "అబ్బ, చూడు చూడు" అని అరుస్తుంటే ఆయనేమో ముందున్న క్యాంపర్ వ్యాన్‌ని, వెనక నుంచి మీదకొస్తున్న బైకుల్ని చూస్తున్నాడు. చూడకపోతే ఇద్దరం పాగ్‌కి ఈదుకుంటూ వెళ్లేవాళ్లం.

జాదర్‌లో ఒడ్డున రాతిమెట్లు నీళ్లలోకి దిగుతాయి, వాటి కింద గొట్టాలు పెట్టారు. అల వచ్చినప్పుడల్లా గాలి లోపలికి తోసుకుని సన్నాయి శ్రుతిలాగా మోగుతుంది. 2005లో నికోలా బాషిచ్ అనే ఆర్కిటెక్ట్ కట్టినది. సూర్యాస్తమయానికి మెట్ల నిండా జనం. నేను ఆ మోత వింటూ పక్కకి తిరిగితే మా ఆయన కూర్చున్నచోటే తల వేలాడేసి నిద్రపోతున్నాడు. చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి దాకా కారింది. నాకు నవ్వు రాలేదు. మొత్తం ట్రిప్‌లో సముద్రం ఆయన కోసం పాడింది అక్కడొక్క చోటే, అది కూడా వినలేకపోయాడు.

స్ప్లిట్‌లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కోట చూసేముందు అదే అద్దెకార్ల కంపెనీ ఆఫీసుకి వెళ్లి నా పేరు చేర్పించాను. మిగిలిన ఐదు రోజులకి 50 యూరోలు. తర్వాత దుబ్రోవ్నిక్‌లో ఊరిగోడ ఎక్కడానికి మనిషికి 40 యూరోలని కిక్కురుమనకుండా 80 కట్టాం, ఇక్కడ మాత్రం 50కి అరగంట చర్చ!

మొదటి పావుగంట నా అరచేతుల చెమటకి స్టీరింగ్ జారింది, ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేక్ తొక్కుతూనే ఉన్నాడు. ఒమిష్ దాటాక తొక్కడం ఆపేశాడు. బ్రేలా దగ్గర రోడ్డు మలుపు తిరిగి కిందంతా ఒక్కసారిగా తెరుచుకునే చోట, "ఇంత నీలంగా ఉందా ఇది?" అన్నాడు, మూడు రోజులుగా దాని పక్కనే కారు నడిపిన మనిషి. ఆ తర్వాత బ్రాచ్ ఏది, హ్వార్ ఏది అని మ్యాప్ తీసి దీవుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. చిన్నపిల్లాడిలా.

పెల్యెషాట్స్ వంతెన కూడా నేనే దాటించాను. 2.4 కిలోమీటర్లు, 2022 జూలైలో తెరిచారు. అంతకుముందు నెయుమ్ అనే ఊరి దగ్గర బోస్నియాలోకి వెళ్లి కాసేపటికే మళ్లీ క్రొయేషియాలోకి రావాలి, రెండు చోట్లా పాస్‌పోర్ట్ చూపించాలి. ఇదంతా ఎందుకంటే 1699లో దుబ్రోవ్నిక్‌వాళ్లు వెనిస్ తమ మీదకి రాకుండా ఆ ముక్కని అప్పట్లో బోస్నియాని ఏలుతున్న తురుష్కులకి వదిలేశారు. ఇండియన్ పాస్‌పోర్ట్, అద్దెకారు, బోర్డర్, ఈ మూడూ కలిస్తే ఏం టెన్షనో తెలిసినవాళ్లకే తెలుసు, ఆ వంతెనకి దండం పెట్టాలి.

వంతెన దాటాక మా అత్తయ్య వీడియో కాల్ చేశారు. ఫోన్ ఆయన చేతిలో ఉంది. "ఏరా, ఒంట్లో బాలేదా? అమ్మాయి నడుపుతోందేంటి?" అన్నారు. ఆవిడని తప్పుపట్టను, ఆవిడ చూసిన కార్లలో ఆడవాళ్ల చోటు ఎప్పుడూ ఎడమ సీటే. జర్మనీలో స్టీరింగ్ ఉన్నది కూడా ఎడమ సీట్లోనేనని చెబ్దామనుకుని ఊరుకున్నాను.

నేను చెప్పేది స్త్రీ స్వేచ్ఛ గురించి కాదు బాబూ, కామెంట్లలో మొదలుపెట్టకండి. మగాడే నడపాలనే పద్ధతి వల్ల మొదటి మూడు రోజులు నష్టపోయింది నేను కాదు, నాకేం, కాళ్లు చాపుకుని చూశాను. నష్టపోయింది ఆయనే. ఏడాదంతా లీవులు దాచుకుని అంత దూరం పోయి ముందు బండి నంబర్ ప్లేటు చూసి వచ్చేవాళ్లు మన గ్రూపుల్లో ఎంతమంది ఉన్నారో, వాళ్ల ఫోన్లలో ఫోటోలన్నీ భార్యలు తీసినవే.

తిరుగు ప్రయాణంలో మకార్‌స్కా దాకా మళ్లీ అదే రోడ్డు. ఈసారి సముద్రం ఎడమ పక్క, అంటే డ్రైవర్ కిటికీ వైపు. తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలని పొద్దున్నే పార్కింగ్‌లో గొడవ.