చూపించేది మట్టి కుండ, పోసేది స్టీలు ట్యాంకు వైన్

తిబిలిసీలో ఎంబీబీఎస్ చదివే పిల్లల పుణ్యమా అని జార్జియా ఇప్పుడు తెలుగువాళ్లకు మరీ కొత్త దేశమేమీ కాదు. పిల్లల్ని చూడ్డానికి వెళ్లినవాళ్లకు ఏజెంట్లు చూపించే ప్యాకేజీల్లో, ద్రాక్షతోటల ప్రాంతమైన కఖేతీకి వైన్ టూర్ ఒకటి. పొద్దున్నే బయల్దేరితే రెండు గంటల్లో సిగ్నాగీ, తర్వాత అలజానీ లోయలో నాలుగైదు వైనరీలు, రాత్రికి మళ్లీ హోటల్.

ఎక్కడికెళ్లినా ముందు చూపించేది క్వేవ్రీనే. మన పల్లెల్లో ఒకప్పుడు ధాన్యం దాచిన పాతరలాగా, మెడ వరకూ నేలలో పూడ్చిన కోడిగుడ్డు ఆకారపు పెద్ద కుండ అది. ద్రాక్షరసాన్ని తొక్కలు, గింజలు, తొడిమలతో సహా అందులో పోస్తారు. పులియడం పూర్తయ్యాక మూతపెట్టి మట్టితో మెత్తి, అయిదారు నెలలు వదిలేస్తారు. చుట్టూ ఉన్న నేల చల్లదనాన్ని కాపాడుతుంది. గింజలు కుండ కొసన సన్నటి అడుగుకు దిగిపోతాయి. ఈ పద్ధతికి 2013లో యునెస్కో గుర్తింపు దక్కింది.

గైడ్ ఇక్కడే ‘8 వేల ఏళ్ల చరిత్ర’ అందుకుంటాడు. అబద్ధం కాదు. క్రీ.పూ. 6000 నాటి కుండపెంకుల్లో ద్రాక్షవైన్ ఆనవాళ్లు బయటపడ్డట్టు 2017లో పరిశోధకులు ప్రకటించారు. కాకపోతే ఆ పెంకులు దొరికింది కఖేతీలో కాదు, తిబిలిసీకి దక్షిణాన.

కథంతా విన్నాక గ్లాసులో పోసేది మాత్రం చాలాచోట్ల స్టీలు ట్యాంకుల్లో యూరప్ పద్ధతిలో చేసిన వైన్. దీన్ని మోసం అనలేం, అడిగితే దాచరు కూడా. దేశం అమ్ముకునే వైన్‌లో క్వేవ్రీ వాటా చాలా తక్కువ. సోవియట్ కాలంలో లెక్కంతా టన్నులదే. అయిదొందలకు పైగా దేశవాళీ ద్రాక్ష రకాలున్నా ర్కాత్సిటెలీ, సపెరావీ లాంటి కొన్నిటికే పెద్దపీట వేశారు. క్వేవ్రీ రైతు ఇంటి వాడకానికే పరిమితమైంది. 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించడంతో ఎగుమతుల్లో సింహభాగం ఒక్క దెబ్బకు ఆగిపోయింది. అప్పుడు కానీ నాణ్యత మీద, ఇంటి మారానీల్లోని, అంటే వైన్ చేసి దాచే గదుల్లోని ఈ కుండల మీద కొత్త మార్కెట్ల చూపు పడలేదు. 2013లో నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ ఎగుమతుల్లో సగానికి పైగా రష్యాకే. పాఠం సగమే ఒంటబట్టిందన్నమాట.

అందుకే టూరిస్టు ఎక్కడ డబ్బు పెడుతున్నాడన్నది చిన్న విషయం కాదు. ఏడాదికి కొన్ని వేల సీసాలు తీసే కుటుంబానికి ఎగుమతి కాగితాలు, పంపిణీదారుల కమీషన్లు తట్టుకోవడం కష్టం. గుమ్మంలోకి వచ్చి కొనేవాడే దానికి అసలు మార్కెట్. బస్సు టూర్లు అక్కడ ఆగవు. పార్కింగ్ ఉండాలి, ఒకేసారి నలభై మందికి పోయగలగాలి. నన్నడిగితే రోజుకు ఒక పెద్ద వైనరీ చాలు, మిగతా పూటంతా ఒక ఇంటి మారానీకే.

క్వేవ్రీలో తొక్కలతో సహా పులిసే అంబర్ వైన్‌కు ఆ తీరిక కావాలి కూడా. తెల్ల ద్రాక్షదే అయినా తేనెరంగులో ఉంటుంది, నాలుకకు వగరు తగులుతుంది. నిలబడి రెండు గుక్కలు తాగినవాడు మొహం చిట్లిస్తాడు. అదే వాల్‌నట్ ముద్ద పెట్టిన వంకాయ, ఉప్పటి చీజ్, నిప్పుల మీద కాల్చిన మాంసం ముందుంటే ఆ వగరు పని ఏంటో తెలుస్తుంది, నూనె జిడ్డును విరిచేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ర్త్వెలీ, అంటే ద్రాక్షకోత జరిగేటప్పుడు వెళ్తే ఇంకా మంచిది. అయితే పనిలో ఉన్న ఇంటికి చెప్పాపెట్టకుండా వెళ్లకూడదు.

ప్యాకేజీల్లో పెద్దగా కనిపించని మజిలీ ఇంకొకటుంది: తెలవీ పక్కనున్న వర్దిసుబానీ. క్వేవ్రీలు చేసే కుమ్మరులు అక్కడున్నారు. చక్రం వాడరు. తాడులా పేనిన మట్టిని చేత్తో వరసమీద వరస పేరుస్తూ వారాల తరబడి కుండను లేపుతారు. కట్టెల బట్టీలో కాల్చి, వేడి తగ్గకముందే లోపల తేనెమైనం పూస్తారు. దేశం మొత్తం మీద ఈ పని తెలిసిన కుటుంబాలు కొన్నే మిగిలాయి. రుచి చూసే గ్లాసులకు టికెట్ పెట్టిన టూరిజం వాళ్లు, ఈ బట్టీ చూడ్డానికీ ఒక టికెట్ పెట్టి ఆ డబ్బు కుమ్మరికే అందేలా చూడొచ్చు.