ఇంట్లో పెట్టుకున్న ఏఐ నిన్ను కాదంటుందా?

(కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్. తమ్ముడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్క ఒక కాలేజీలో కౌన్సెలర్. ఇంటర్నెట్ అక్కర్లేకుండా తన పీసీలోనే నడిచే ఏఐని తమ్ముడు తయారు చేసుకున్నాడు. రోజూ రాత్రి దానితో మాట్లాడి కోపం తగ్గించుకోవాలనీ, పనులు వాయిదా వేసే అలవాటు మానుకోవాలనీ అతని ఆశ. అక్కకి ఇది నచ్చలేదు.)

అక్క: ఇంట్లో ఇంతమందిమి ఉండగా నీ బాధ చెప్పుకోవడానికి ఆ పెట్టె ఎందుకురా?

తమ్ముడు: ఇంతమంది ఉన్నారు కాబట్టే అక్కా! నీకు చెబితే అమ్మకి తెలుస్తుంది, అమ్మకి తెలిస్తే వరంగల్ పిన్నికి తెలుస్తుంది, మర్నాటి నుంచి నాకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. పోనీ ఆన్‌లైన్ చాట్‌బాట్‌కి చెబుదామా అంటే, అది ఎవరి సర్వర్లో ఎన్నాళ్లుంటుందో మన చేతిలో లేదు. దీనికి ఆ టెన్షన్ లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీలో 12 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. గూగుల్ వాళ్ల గెమ్మా 3 అనే ఏఐలో 12 బిలియన్ పారామీటర్ల మోడల్‌ని, అంటే దాని లోపలుండే అన్ని అంకెల్నీ, ఒక్కోటి 4 బిట్లకి కుదిస్తే 8 జీబీ అటూ ఇటూగా వస్తుంది, అందులో పట్టేస్తుంది. ఇలాంటి మోడళ్లని సొంత పీసీలో నడిపే ఒల్లామా అనే సాఫ్ట్‌వేర్ మీద నడుపుతున్నా. వైఫై తీసేసినా జవాబిస్తుంది.

అక్క: వైఫై తీసేస్తే గుట్టు బయటికి పోదు, ఒప్పుకుంటా. దానికీ నువ్వు మారడానికీ ఏం సంబంధం? 1966లోనే ఎంఐటీలో వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఒక చాట్ ప్రోగ్రామ్ చేశాడు, మనం అన్నదాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆయన సెక్రటరీకి ఆ సంగతి తెలుసు, అయినా కాసేపు దానితో మాట్లాడాక, కొంచెం బయటికెళ్తారా అని ఆయన్నే అడిగింది. మనుషులం అంత తేలిగ్గా పడిపోతాం.

తమ్ముడు: చూశావా, ఆవిడ పంపేసింది మనిషినే కదా! పక్కన ఎవరో చూస్తుంటే నిజం బయటికి రాదు, నేను అనేదీ అదే. ఇంకో మాట, 2023 ఫిబ్రవరిలో రెప్లికా అనే ఏఐ స్నేహితుడి యాప్ వాళ్లు తమ యాప్ మాట్లాడే తీరు మార్చేశారు, దాన్ని తోడనుకున్నవాళ్లు ఎంత ఏడ్చారో. నా డిస్క్‌లో ఉన్న మోడల్‌ని ఎవడూ అలా మార్చలేడు.

అక్క: మార్చేవాడు లేడంటే సరిదిద్దేవాడూ లేడనే కదరా. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ జనాల్ని మరీ పొగుడుతోందని గోల అయితే, ఓపెన్‌ఏఐ వాళ్లు ఆ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకున్నారు. అంతమంది వాడుతున్నారు కాబట్టి బయటపడింది. నీ గదిలో నీ ఏఐ నువ్వు తానా అంటే తందానా అంటుంటే పట్టుకునేది ఎవరు? ఎలా మాట్లాడాలో దానికి సూచనలు రాసిచ్చిందీ నువ్వే.

తమ్ముడు: నన్ను నిలదీయమనే రాశాను.

అక్క: ఎంత నిలదీయాలో కూడా నువ్వే రాశావు. సరే, పాత సంగతులు దానికి ఎలా గుర్తుంటాయి?

తమ్ముడు: మోడల్‌కి ఏమీ గుర్తుండదు. నా డైరీని ముక్కలు చేసి, ఒక్కో ముక్క అర్థాన్ని అంకెలుగా మార్చి దాచా. ఈరోజు నేను రాసినదానికి దగ్గరగా ఉన్న పాత ముక్కల్ని నా ప్రోగ్రామ్ వెతికి మోడల్ ముందు పెడుతుంది.

అక్క: ఆగు. దగ్గరగా ఉన్నవంటే? మేనేజర్ మీద మండిపడుతూ రాసిన రోజున, ఇంతకుముందు మేనేజర్ మీద మండిపడ్డ రోజులే పైకి వస్తాయి కదా! ఆయన నిన్ను మెచ్చుకున్న రోజు రాదు. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం బాధ ఇదేరా, ఒకే గాయాన్ని మళ్లీ మళ్లీ గీరుకోవడం. నువ్వు దానికి ఏకంగా మెషీన్ పెట్టావు.

తమ్ముడు: (కాసేపాగి) ఇది నిజంగానే చూసుకోవాలి. అదే మనిషి గురించి మంచిగా రాసిన ముక్కలు కూడా ఒకటో రెండో కలిపి తెమ్మని కోడ్ రాయొచ్చు.

అక్క: రాయి. దాని తెలుగు సంగతేంటి?

తమ్ముడు: అంతంత మాత్రమే. నేను తిట్టుకుంటూ రాస్తే అది పాఠ్యపుస్తకంలా బదులిస్తుంది, పైగా ఇంగ్లీష్ కంటే తెలుగుకి టోకెన్లు, అంటే అది మాటల్ని విడగొట్టుకునే చిన్న ముక్కలు, ఎక్కువ పడతాయి. భరిస్తున్నా.

అక్క: మరి అర్ధరాత్రి నీ మనసు నిజంగా బాగోలేకపోతే? ఆఫ్‌లైన్‌లో ఉన్నది ఎవరికి ఫోన్ చేస్తుంది?

తమ్ముడు: అది మోడల్‌కి వదల్లేదు. కొన్ని మాటలు కనబడితే చాట్ ఆగిపోయి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్ స్క్రీన్ మీదికి వస్తుంది. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.

అక్క: అది బాగుంది. కానీ ఆ మాటలు వాడకుండా కుమిలిపోయేవాళ్లనే నేను ఎక్కువగా చూస్తుంటా. ఆ సూచనల ఫైల్లో ఒక లైను నాది కూడా పెట్టు.

తమ్ముడు: ఏమని?

అక్క: ఒకే మనిషితో గొడవ గురించి వరసగా మూడు రోజులు చెబితే, "ఇంక నాతో కాదు, వెళ్లి ఆ మనిషితోనే మాట్లాడు" అని ఆపెయ్యాలి.

తమ్ముడు: దానికి రోజులు లెక్కపెట్టడం రాదక్కా, విడిగా కోడ్ రాయాలి. మూడు మరీ తక్కువ, వారం పెడతా.

అక్క: నాలుగు.

తమ్ముడు: ఐదు. టైప్ చేసేది మాత్రం నేనే, నువ్వు కీబోర్డ్ దగ్గరికి రావద్దు.