ఒంటి తుమ్ము, సగం మీసం

నిన్న ఆదివారం మిర్యాలగూడలో మా మేనమామ కొడుకు నిశ్చితార్థానికి తొమ్మిది గంటల బస్సు అందుకోవలసిన నేను, సరిగ్గా ఆ పూటే జీవితంలో మొదటిసారి మడత కత్తితో గడ్డం గీసుకోవాలని సంకల్పించాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ కత్తి డబ్బా మీద 'వాడకానికి సిద్ధం' అని బంగారు రంగు అక్షరాలు మెరుస్తున్నాయి. కొత్త కత్తిని మొదట సన్నని సానరాయి మీద నూరి, ఆ తరువాత తోలు పట్టీ మీద ఆడించి, అప్పుడు గానీ ముఖానికి తాకించరాదన్న సంగతి అమ్మినవాడు ఎక్కడా రాయలేదు. తోలు పట్టీని మాత్రం విడిగా మరో ధరకు అంటగట్టాడు. పట్టీ మీద కత్తి వీపు ముందు నడవాలి, పదును దాని వెంట రావాలి. నేను తిరగేసి లాగాను. ఆ విధంగా నా కత్తి గీసిన మొట్టమొదటి చర్మం ఒక బర్రెది.

కొత్తగా నేర్చుకునేవారు కొన్నాళ్ళు చెంపలతోనే సరిపెట్టుకోవాలంటారు. చెంపల మీద నెత్తుటి చుక్క రాలేదు కనుక నాకు ధైర్యం వచ్చింది. అది నా నేర్పు కాదని, కత్తికి పదును లేకపోవడమేనని అప్పటికి తట్టలేదు. ఎడమచేతితో ముక్కు కొన పైకెత్తి, కత్తిని ముప్పై డిగ్రీల వాలున పట్టి, పది రోజులు పెంచిన మీసంలో ఎడమ సగాన్ని కళ్ళనీళ్ళతో వదిలించుకున్నాను. కుడి సగంలో కత్తి పెట్టిన క్షణాన, కుడి ముక్కురంధ్రంలోకి ఎప్పుడో చేరిన సబ్బు నురుగు తన పని మొదలుపెట్టింది.

తుమ్మేటప్పుడు కళ్ళు వాటంతట అవే మూసుకుంటాయి. అంటే కళ్ళు మూసుకుని, తల విదిలించబోతున్న మనిషి ముక్కు కింద కత్తి ఉన్నదన్నమాట. తీసేద్దామంటే ఆ మొద్దు కత్తి వెంట్రుకలలో చిక్కుకుని, కదిపితే ప్రాణం పోతున్నది. తుమ్ము వచ్చినట్టే వచ్చి వెనుకకు పోయింది. గడప దాకా వచ్చి చెప్పులు విడవాలా వద్దా అని ఆలోచించే చుట్టం లాగా మళ్ళీ వచ్చి నిలబడింది. అద్దంలో నోరు తెరుచుకున్న నా ముఖం నాకే పరాయిదిగా కనిపించింది. ఇటువంటి ఉదయాలు ఎవరికీ రాకూడదనే కాబోలు జిలెట్ దొర 1904లో సేఫ్టీ రేజరుకు పేటెంట్ తీసుకున్నాడని, ఆయన పుణ్యాన్ని కాలదన్నుకున్న వాణ్ణి నేనేనని ఆ రెప్పపాటులో తోచింది. ఇక లాభం లేదని నాలుగు వెంట్రుకలను కత్తికి సమర్పించుకుని, దాన్ని బకెట్లోకి విసిరి తుమ్మాను. అద్దం నిండా నురుగు.

"ఒంటి తుమ్ము తుమ్మినవ్ బిడ్డా! జర కూసోని నీళ్ళు తాగి పో," అని వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. రెండో తుమ్ము రాలేదు, బస్సు ఆగలేదు.

ఆ కోపంలోనే అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాను. ముఖానికి తాకిన వస్తువును వాపసు తీసుకోబోమని ఒకమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. ముఖానికి తాకించకుండా అది తెగదని తెలిసేది ఎట్లాగని అడిగితే, నా అభిప్రాయాన్ని నమోదు చేసుకుంటానన్నది.

గడియారం సెంటర్ దగ్గరి సెలూన్‌లో నా కంటే ముందు ఆరుగురు ఉన్నారు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, పక్కనున్న పెద్దాయన జలుబు అనుకుని దూరం జరిగాడు. నా వంతు వచ్చాక రుమాలు తీస్తే, చిన్నప్పటి నుంచి నా తల చూస్తున్న ఆ సెలూన్ ఆయన దువ్వెన కింద పెట్టేశాడు.

"గవి మా తాత వాడిన కత్తులే అన్నా. సాన పట్టకుంటే ఎట్ల తెగుతది? రోగాల భయానికి మేమే బంద్ పెట్టి, మనిషికో కొత్త బ్లేడు ఎక్కిస్తున్నం," అంటూ సగం మీసానికి నిండు గడ్డం డబ్బులే తీసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆ కత్తితో పుంటికూర కట్టకు చుట్టిన దారం కోస్తున్నది. మూడోసారికి తెగింది.